అలాయ్ చక్రమా, స్టీలు రిమ్మా: అజ్మాన్ రోడ్ల మీద ఖర్చు లెక్క

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లోని ఏడు ఎమిరేట్లలో విస్తీర్ణంలో అతి చిన్నది అజ్మాన్. సముద్రతీరాన ఉన్న నగరం, ఎడారి లోపల మనామా, హజర్ కొండల్లో మస్ఫూత్ అనే రెండు విడి ముక్కలు, అన్నీ కలిపినా సుమారు 260 చదరపు కిలోమీటర్లు. దుబాయ్ కంటే ఇంటి అద్దెలు తక్కువ కావడంతో నుఐమియా, రషీదియా వంటి పేటల్లో కాపురం పెట్టి, షార్జా మీదుగా రోజూ దుబాయ్ వెళ్ళి ఉద్యోగం చేసుకునేవాళ్ళు ఎందరో. వాళ్ళలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. దుబాయ్ మెట్రో ఇక్కడిదాకా రాలేదు. బస్సులున్నా, అల్ ఇత్తిహాద్ రోడ్డు మీదో షేక్ మహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు మీదో పొద్దునా సాయంత్రం సాగే వాహనాల వరుసల్లో చాలామందికి సొంత కారే ఆధారం.

ఆ కారు కొనేచోటే చక్రాల ప్రశ్న మొదలవుతుంది. నిస్సాన్ సన్నీ, టయోటా యారిస్ వంటి చిన్న సెడాన్లలో అడుగు వేరియంట్లు ఏళ్ళ తరబడి స్టీలు రిమ్ములతో, వాటి మీద ప్లాస్టిక్ కప్పులతో వస్తున్నాయి. పై వేరియంట్లకు మెరిసే అలాయ్ (అల్యూమినియం మిశ్రమపు) చక్రాలు ఉంటాయి. కొత్త కారయినా, చేతులు మారిన కారయినా ఆ మెరుపుకు ఎంతో కొంత ఎక్కువ చెల్లించాలి. తర్వాత టైర్ల షాపుకు వెళితే అక్కడ ఇంకో ఆశ ఎదురవుతుంది: ఉన్న 15 అంగుళాల రిమ్ములు తీసేసి 17 అంగుళాల అలాయ్‌లు వేయించుకోవచ్చన్నది. చూడటానికి రెండూ ఒకటే ఖర్చులా కనిపిస్తాయి. నిజానికి మొదటిది లోహం మార్చడం, రెండోది చక్రం వ్యాసం మార్చడం. జేబు మీద వీటి ప్రభావం పూర్తిగా వేరు. స్టీలా, అలాయా అన్న చర్చలో తరచు మరుగున పడేది ఈ తేడానే.

రెండు లోహాలు, రెండు తయారీలు

కారుకు అచ్చొత్తిన స్టీలు చక్రం 20వ శతాబ్దం తొలి దశాబ్దం నాటిది. ఇంగ్లండులో జోసెఫ్ సాంకీ కంపెనీ 1908 ప్రాంతంలో ఇలాంటి చక్రాలను తెచ్చింది. పద్ధతి ఇప్పటికీ దాదాపు అదే. స్టీలు పట్టీని గుండ్రంగా వంచి, కొసలు అతికించి, రోలర్ల మధ్య నొక్కి అంచు తీరుస్తారు. మధ్యలోని పళ్ళేన్ని ప్రెస్సులో వేరేగా అచ్చొత్తుతారు. రెండింటినీ కలిపి వెల్డింగ్ చేసి, రంగు తొట్టిలో ముంచి తీస్తారు. ఒకసారి అచ్చులు సిద్ధమైతే ఒక్కో చక్రానికి పట్టే సమయం చాలా తక్కువ. అందుకే అది చవక.

అల్యూమినియం చక్రం పేరు మోసింది పందెం కార్లతో. ఎటోర్ బుగాటీ తయారు చేసిన టైప్ 35 కారు 1924 ఆగస్టులో లియోన్‌లో జరిగిన గ్రాండ్ ప్రీలో పోత అల్యూమినియం చక్రాలతో బరిలోకి దిగింది. చక్రం, బ్రేకు డ్రమ్ము కలిసి ఒకే పోత. 1960ల మధ్యలో జర్మనీలోని ఓటో ఫుక్స్ కంపెనీ పోర్షె 911 ఎస్ కోసం ఫోర్జింగ్ చేసిన అలాయ్ చక్రాన్ని తయారు చేసింది. ఆ కారుతో ఫోర్జింగ్ చేసిన అలాయ్ చక్రం మామూలు రోడ్డు మీదికి వచ్చింది. జపాన్‌కు చెందిన ఎన్‌కేయ్, జర్మనీలో 1970లో మొదలైన బీబీఎస్, ఆ మరుసటేడు ఇటలీలో పుట్టిన ఓజెడ్ దీన్ని పెద్ద పరిశ్రమగా మార్చాయి. ఇప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అల్యూమినియం చక్రాలు చేసేది చైనా కంపెనీ సిటిక్ డికాస్టల్.

నేటి అలాయ్ చక్రాల్లో చాలావాటికి వాడేది ఏ 356 అనే మిశ్రమం. అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, పావు నుంచి అర శాతం దాకా మెగ్నీషియం. సుమారు 700 డిగ్రీల దగ్గర కరిగిన లోహాన్ని కింది నుంచి గాలి ఒత్తిడితో అచ్చులోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. పైనుంచి పోస్తే బుడగలు పట్టే ప్రమాదం ఉంటుంది. పోత బయటికి వచ్చాక లోపల బోలు లేదని ఎక్స్‌రేతో చూస్తారు. తర్వాత 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్ళలో ముంచి, మళ్ళీ 150 నుంచి 160 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు. టీ 6 అని పిలిచే ఈ ఉష్ణ చికిత్సే చక్రానికి బలం. మరమ్మతు దగ్గర ఈ సంగతి మళ్ళీ అవసరం పడుతుంది కాబట్టి పాఠకులు గుర్తుంచుకోవడం మంచిది.

ఇంత శ్రమ తర్వాత మిగిలే లాభం ఎంత? ఘనపు సెంటీమీటరు స్టీలు 7.85 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7 గ్రాములే. అంటే చక్రం బరువు మూడో వంతుకు పడిపోవాలి. అలా జరగదు. అల్యూమినియం బిగువు స్టీలులో మూడో వంతే కాబట్టి అదే బరువు మోయడానికి ఆకులు, అంచులు మందంగా పోయాలి. 15 అంగుళాల స్టీలు రిమ్ము 8, 9 కిలోలు ఉంటే అదే కొలత అలాయ్ ఏడు కిలోల చుట్టూ ఉంటుంది. ఒక్కో చక్రానికి రెండు కిలోల తగ్గుదల అనుకోవచ్చు. చవకగా, మందంగా పోసిన అలాయ్ అయితే ఆ తేడా కూడా మిగలదు. 17, 18 అంగుళాల అలాయ్‌లలో చాలావరకు 15 అంగుళాల స్టీలు రిమ్ముకంటే బరువే. అలాయ్ అంటే తేలిక అన్న నమ్మకంతో పెద్ద చక్రం కొనేవాళ్ళు తక్కెడ మీద పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది.

పెట్రోలు లెక్క

అమ్మేచోట తరచు వినిపించే మాట, అలాయ్ వేయిస్తే మైలేజీ పెరుగుతుందని. దీన్ని అజ్మాన్ ఉద్యోగి రోజువారీ ప్రయాణంతోనే పరీక్షించవచ్చు. రోజుకు రానూపోనూ 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే ఏడాదికి 24,000 కిలోమీటర్లు. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే కారుకు సుమారు 1,714 లీటర్ల పెట్రోలు కావాలి.

నాలుగు చక్రాల మీద తగ్గే బరువు 8 కిలోలు. చక్రం తిరిగే వస్తువు కాబట్టి వేగం అందుకునేటప్పుడు దాని బరువు ఒకటిన్నర రెట్ల పైచిలుకుగా పనిచేస్తుంది. కనుక 13 కిలోలు అనుకుందాం. మనిషితో కలిపి 1,200 కిలోల కారులో అది 1.1 శాతం. కారు బరువు 10 శాతం తగ్గిస్తే ఇంధన సామర్థ్యం 6 నుంచి 8 శాతం మెరుగవుతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. దాని ప్రకారం ఇక్కడ దక్కేది 0.7 శాతం, అంటే ఏడాదికి 12 లీటర్లు. లీటరు 3 దిర్హాములు అనుకున్నా 36 దిర్హాములు. నిలకడగా సాగే హైవే మీద గాలి నిరోధమే పెద్ద ఖర్చు కాబట్టి ఈ మాత్రం కూడా రాకపోవచ్చు. పెట్రోలు ఆదాతో అలాయ్ చక్రాల ధర తిరిగి రాబట్టాలంటే కారు జీవితకాలం చాలదు.

ఎలక్ట్రిక్ కార్లలో ఇదే గాలి నిరోధం చక్రాల రూపాన్నే మార్చేసింది. టెస్లా మోడల్ 3కి 18 అంగుళాల అలాయ్ చక్రాల మీద ప్లాస్టిక్ మూతలు తొడిగి ఇచ్చారు. అంత ఖరీదైన లోహం మీద మూత ఎందుకంటే, చదునైన ముఖం గాలిని తక్కువగా చెదరగొడుతుంది. స్టీలు రిమ్ము మీది ప్లాస్టిక్ కప్పును పేదరికపు గుర్తుగా చూసేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

అయితే బరువు తగ్గడం వృథా అని కాదు. స్ప్రింగు కింద ఉండే బరువు ఎంత తగ్గితే టైరు రోడ్డును అంత బాగా అంటిపెట్టుకుంటుంది. గతుకు మీద చక్రం ఎగిరి వెంటనే కిందికి దిగుతుంది. స్టీరింగు తిప్పితే కారు చురుగ్గా స్పందిస్తుంది. గుండ్రదనంలో కూడా అలాయ్‌ది పైచేయి. పోత పోశాక లేత్ మీద చెక్కుతారు కాబట్టి సాధారణంగా అది ఖచ్చితంగా ఉంటుంది. 120 కిలోమీటర్ల వేగంలో స్టీరింగు వణుకు లేకుండా సాగడానికి ఇది తోడ్పడుతుంది. డబ్బు లెక్కలో కనిపించని సుఖం ఇది, నిజమైన సుఖం కూడా.

అసలు ఖర్చు అంగుళాల్లో ఉంది

195/65 ఆర్ 15 అనే టైరు కొలతలో 195 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అన్నది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం. అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య 127 మిల్లీమీటర్ల రబ్బరు, దాని వెనక గాలి. అదే కారుకు 17 అంగుళాల చక్రం వేస్తే మొత్తం వ్యాసం మారకుండా ఉండటానికి 225/45 ఆర్ 17 టైరు తొడగాలి. పక్కగోడ 101 మిల్లీమీటర్లకు దిగుతుంది. 18 అంగుళాలకు పోయి 225/40 టైరు వేస్తే 90. పెద్ద రిమ్ము అందంగా కనిపించడానికి చెల్లించే మొదటి మూల్యం ఈ 37 మిల్లీమీటర్ల మెత్తదనం. స్పీడ్ బ్రేకరు మీద, ఫుట్‌పాత్ అంచురాయి దగ్గర, రోడ్డు పనులు జరిగే చోట తగిలే దెబ్బను తినేది ఆ పక్కగోడే.

రెండో మూల్యం ఇంధనం. అమెరికన్ పత్రిక కార్ అండ్ డ్రైవర్ 2010లో ఒకే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారుకు 15 నుంచి 19 అంగుళాల దాకా చక్రాలు మార్చి మార్చి పరీక్షించింది. చక్రం పెరిగినకొద్దీ వేగం అందుకోవడం మందగించింది. చిన్న చక్రానికీ పెద్ద చక్రానికీ మధ్య మైలేజీ సుమారు 10 శాతం పడిపోయింది. ఆ పరీక్షలో టైర్ల వెడల్పు కూడా పెరిగింది కనుక తప్పంతా రిమ్ముది కాదు. కానీ రోడ్డు మీద కూడా పెద్ద రిమ్ముతో వెడల్పు టైరే వస్తుంది. పై ఉద్యోగి లెక్కకు ఆ 10 శాతాన్ని అన్వయిస్తే ఏడాదికి 170 లీటర్లకు పైగా అదనం, అంటే 500 దిర్హాములు దాటిన ఖర్చు. లోహం మార్చి 12 లీటర్లు మిగుల్చుకుని, వ్యాసం పెంచి 170 లీటర్లు పోగొట్టుకోవడం ఈ వ్యాపారంలో కొనుగోలుదారుకు జరిగే పెద్ద నష్టం.

మూడోది టైర్లు. యూఏఈలో టైరు అరిగిపోవడం ఒక్కటే ముగింపు కాదు. తయారై ఐదేళ్ళు దాటితే దాన్ని గడువు తీరినదిగానే చూస్తారు. పక్కగోడ మీది నాలుగంకెల ముద్రలో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. 2323 అని ఉంటే 2023వ సంవత్సరం 23వ వారం. 2017లో సవరించిన ట్రాఫిక్ నిబంధనల ప్రకారం గడువు తీరిన టైర్లతో బండి నడిపితే 500 దిర్హాముల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు, వారం రోజులు బండి స్వాధీనం. కొత్త కారుకు మూడేళ్ళు దాటాక ముల్కియా (రిజిస్ట్రేషన్ కార్డు) తిరగరాయించుకోవాలంటే ఏటా పాసింగ్‌కు, అంటే బండి తనిఖీకి, వెళ్ళాలి. అక్కడ మొదట చూసేవాటిలో టైర్లు ఒకటి. కాబట్టి కారు తక్కువ తిరిగినా, ఎక్కువ తిరిగినా టైర్లు కొంటూనే ఉండాలి. 15 అంగుళాల టైరు ఏ షాపులోనైనా, ఏ కంపెనీదైనా దొరుకుతుంది. సన్న పక్కగోడ ఉన్న 18 అంగుళాల టైరుకు ఎంపిక తక్కువ, ధర ఎక్కువ. ఒకసారి రిమ్ము పెంచినవాళ్ళు ఆ తేడాను నాలుగు టైర్లు మార్చిన ప్రతిసారీ కడతారు.

ఎండ, ఉప్పు, ఇసుక

వేసవిలో గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే చోట తారురోడ్డు అంతకంటే ఎన్నో డిగ్రీలు ఎక్కువ కాలుతుంది. టైరులో గాలి 5, 6 డిగ్రీలు వేడెక్కితే పీడనం సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. ఇక్కడ అలాయ్‌కు ఒక మంచి గుణం ఉంది. అల్యూమినియం వేడిని స్టీలుకంటే దాదాపు మూడు రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుంది. ఆకుల మధ్య ఖాళీలు బ్రేకు డిస్కుకు గాలి ఆడనిస్తాయి. మస్ఫూత్ మీదుగా హత్తా కొండల్లోకి వెళ్ళేవాళ్ళకు, రస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్ ఎక్కి దిగేవాళ్ళకు ఇది కొంత ఉపయోగం. తిరుమల, అరకు ఘాట్లలో కారు నడిపినవాళ్ళకు దిగుడులో బ్రేకులు ఎంత వేడెక్కుతాయో తెలుసు. అజ్మాన్ నుంచి దుబాయ్‌కి చదునైన దారిలో మాత్రం ఈ గుణానికి పెద్దగా పని లేదు. ఎండాకాలంలో టైర్లు పేలడానికి ముఖ్య కారణాలు తక్కువ గాలి, మించిన బరువు, ముదిరిన రబ్బరు. రిమ్ము ఏ లోహమైనా ఈ మూడింటిని అది ఆపలేదు.

ఉప్పు గాలి రెండు లోహాలనూ వదలదు. అజ్మాన్‌కు 16 కిలోమీటర్ల తీరం ఉంది. రాత్రిపూట తేమ కారు మీద నీళ్ళు చల్లినట్టు పడుతుంది. స్టీలు రిమ్ము రంగు లేచినచోట తుప్పు పడుతుంది. అది కంటికి కనిపిస్తుంది, గీకి రంగు వేస్తే ఆగుతుంది. అలాయ్‌కు తుప్పు పట్టదన్నది సగం నిజం. అంచురాయికి గీరుకుని పైనున్న లాకరు పొర చిట్లితే ఉప్పు తేమ ఆ సందులోంచి దూరి, పొర కిందే సన్నటి తెల్లని దారాల్లా పాకుతుంది. టైరు ఆనుకునే అంచు మీద ఈ పొక్కులు లేస్తే గాలి నెమ్మదిగా దిగిపోతుంది. మేకు గుచ్చుకోకపోయినా రెండు వారాలకోసారి గాలి కొట్టించాల్సి వస్తోందంటే పంక్చర్ షాపులో టైరు విప్పించి ఆ అంచును చూడాలి. ముఖం మీద యంత్రంతో చెక్కి మెరుపు తెచ్చిన చక్రాలకు ఈ బెడద ఎక్కువ. స్టీలు హబ్బుకూ అల్యూమినియం చక్రానికీ మధ్య తేమ చేరితే రెండూ కరుచుకుపోయి, నట్లు విప్పినా చక్రం ఊడి రాదు. రోడ్డు పక్కన స్టెప్నీ మార్చుకోవాల్సిన వేళ అది పెద్ద చిక్కు.

2024 ఏప్రిల్ 16న యూఏఈలో 75 ఏళ్ళ రికార్డుల్లో ఎన్నడూ లేనంత వాన పడింది. అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు గడవకముందే 254.8 మిల్లీమీటర్లు. షార్జా, అజ్మాన్ పేటల్లో నీళ్ళు నిలిచాయి. అంచురాయి ఎక్కడుందో, గుంత ఎక్కడుందో కనపడని అలాంటి నీళ్ళలో సన్నటి టైరు వేసిన పెద్ద చక్రానికి రక్షణ చాలా తక్కువ. నీళ్ళు తీశాక రిమ్ము లోపలి వైపు ఎండిపోయిన బురద కూడా బాలెన్సు తప్పించి స్టీరింగును వణికిస్తుంది. కడిగిస్తే చాలు, కొత్త చక్రం అవసరం లేదు.

ఇసుక మాట వేరు. ఎడారి దిబ్బల్లోకి బండి తోలేవాళ్ళు టైర్లలో గాలిని 12, 15 పీఎస్‌ఐకి తగ్గిస్తారు. టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలడానికి అది అవసరం. దానికి పొడుగాటి పక్కగోడ కావాలి, కాబట్టి చిన్న రిమ్ము కావాలి. అలాంటి పనికి పేరున్న టయోటా ల్యాండ్ క్రూజర్ 70 వరస బళ్ళు స్టీలు రిమ్ములతోనూ అమ్ముడవుతున్నాయి. సామాన్లు మోసే వ్యాన్లు, పికప్‌లు కూడా స్టీలునే నమ్ముకున్నాయి. రోజంతా తిరిగి, బరువు మోసి, అంచురాళ్ళు ఎక్కి దిగే బండికి వంగినా సరిచేసుకోగల చక్రమే పనికొస్తుంది.

వంగడం, పగలడం

పరీక్షశాలలో లాగి చూస్తే స్టీలు పట్టీ తెగేలోపు పావు వంతుకు పైగా సాగుతుంది. పోత అలాయ్ సాగేది అయిదు నుంచి పది శాతం. గుంతలో పడ్డప్పుడు తేడా బయటపడేది ఇక్కడే. స్టీలు అంచు సొట్టపోతుంది. అలాయ్ కొంతవరకు తట్టుకుని, హద్దు దాటితే పగులు చూపిస్తుంది. మంచి కంపెనీ చక్రాన్ని అమ్మకానికి ముందు 13 డిగ్రీల వాలులో పెట్టి పైనుంచి బరువు పడేసి, మలుపుల ఒత్తిడిని, బరువు మోత ఒత్తిడిని లక్షలసార్లు తిప్పి పరీక్షిస్తారు. జపాన్‌లో ఈ ప్రమాణానికి జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు వేస్తారు. భారతదేశంలో తేలికలోహపు చక్రాలకు ఏఐఎస్ 073 ప్రమాణం ఉంది. ఖరీదైన కంపెనీల నమూనాలను అనుకరించిన కాపీ చక్రాల్లో ఈ పరీక్షలు జరిగాయో లేదో రంగు చూసి చెప్పడం అసాధ్యం. చవకగా దొరికిన అలాయ్ కంటే కంపెనీ స్టీలు రిమ్ము భద్రమని ధైర్యంగా చెప్పవచ్చు. ప్రాణం మోసే భాగంలో మెరుపు కోసం తెలియని లోహాన్ని నమ్మడం పొరపాటు.

మరమ్మతు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. గ్యారేజీల్లో సొట్టపోయిన అలాయ్‌ను గ్యాసు మంటతో కాల్చి, జాకీతో నెట్టి గుండ్రంగా చేస్తారు. 160 డిగ్రీల దగ్గర నిలకడగా సంపాదించిన టీ 6 బలాన్ని ఆ మంట క్షణాల్లో కరిగిస్తుంది. ఆ చోట లోహం మెత్తబడుతుంది, చూపుకు మాత్రం కొత్తదిలా ఉంటుంది. అంచు గీతలు అరగదీసి రంగు వేయడం వరకు ఫరవాలేదు. పగులును వెల్డింగ్ చేసిన చక్రాన్ని, ముఖ్యంగా ఆకు మీదో హబ్బు దగ్గరో అతికిన చక్రాన్ని, హైవే మీదికి తీసుకెళ్ళకూడదు. వాడిన చక్రాలు కొనేవాళ్ళు టైరు విప్పించి లోపలి వైపు చూడాలి. వెల్డింగ్ గీతలు దాక్కునేది అక్కడే.

విశాఖ నుంచి తవీలా దాకా

తెలుగు నేలకు ఈ చక్రంతో నేరుగా సంబంధం ఉంది. విశాఖపట్నం దగ్గర దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలిలో సినర్జీస్ కాస్టింగ్స్ కంపెనీ కార్లకు అలాయ్ చక్రాలు పోస్తుంది. క్రోమియం పూత వేసిన చక్రాలను విదేశీ కార్ల కంపెనీలకు ఎగుమతి చేసిన పేరు దానిది. దాని సోదర సంస్థ సినర్జీస్ డూరే ఆటోమోటివ్ కథ ఈ వ్యాపారం ఎంత కఠినమో చెబుతుంది. అప్పుల్లో కూరుకుపోయిన ఆ కంపెనీ పరిష్కార ప్రణాళికను 2017 ఆగస్టులో హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ ఆమోదించింది. అప్పటికి కొత్తదైన దివాలా చట్టం కింద దేశంలో ఆమోదం పొందిన మొదటి ప్రణాళిక అది. సుమారు 972 కోట్ల రూపాయల బాకీకి అప్పులిచ్చినవాళ్ళకు దక్కింది సుమారు 54 కోట్లు. చవక చైనా చక్రాల పోటీని తట్టుకోవడానికి ఐరోపా సమాఖ్య 2010లోనే వాటిపై 22.3 శాతం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. షాపులో చక్రం ధర ఎందుకు అంత తేడాగా ఉంటుందో ఈ పోటీ చెబుతుంది.

లోహం మూలాల్లోకి వెళితే మరో ముడి కనిపిస్తుంది. చింతపల్లి ప్రాంతంలోని జెర్రెల కొండల బాక్సైటును నమ్ముకుని, 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజ్మాన్‌కు ఉత్తరాన ఉన్న రస్ అల్ ఖైమా ప్రభుత్వం ఒప్పందానికి వచ్చాయి. మాకవరపాలెంలో అన్‌రాక్ కంపెనీ అల్యూమినా శుద్ధి కర్మాగారం కట్టింది. కొండలు పోతే ఊటలు, కాఫీ తోటలు, బతుకు పోతాయని గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. తవ్వకం సాగలేదు. వ్యవహారం అంతర్జాతీయ మధ్యవర్తిత్వం దాకా వెళ్ళింది. అల్యూమినియం ధరలో రాయబడని ఖర్చుల గురించి ఆలోచించేవాళ్ళు ఆ గిరిజన గూడేలను కూడా లెక్కలో పెట్టుకోవాలి.

యూఏఈ మాత్రం సొంత బాక్సైటు లేకుండానే అల్యూమినియం శక్తిగా ఎదిగింది. జెబెల్ అలీలో దుబాల్ కర్మాగారం 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. తర్వాత అబుదాబి వైపు తవీలాలో ఎమాల్ వచ్చింది. ఈ రెండూ కలిసి ఎమిరేట్స్ గ్లోబల్ అల్యూమినియం అయ్యాయి. చక్రాలు పోయడానికి వాడే మిశ్రమ లోహపు దిమ్మలు ఆ సంస్థ సరుకుల్లో ఒకటి. సౌర విద్యుత్తుతో తీసిన అల్యూమినియంను ఏడాదికి 43,000 టన్నులు బీఎండబ్ల్యూకు ఇవ్వడానికి 2021లో ఒప్పందం చేసుకుంది. కిలో అల్యూమినియం తీయడానికి విద్యుద్విశ్లేషణ దగ్గరే 14, 15 యూనిట్ల కరెంటు పడుతుంది. ఏడు కిలోల చక్రంలో సుమారు వంద యూనిట్లు దాగి ఉన్నాయన్నమాట.

కొనేముందు చూడాల్సినవి

కారు కంపెనీ అదే వ్యాసంలో, అదే టైరుతో అలాయ్ ఇస్తూ, ధరలో తేడా కొద్దిగానే ఉంటే తీసుకోవడంలో తప్పు లేదు. నడక కొంత బాగుంటుంది, తిరిగి అమ్మేటప్పుడు కారు చూపుకు ఆనుతుంది. చేతులు మారిన కారు కొనే మధ్యతరగతి ఉద్యోగికి స్టీలు రిమ్ములున్న కారే చవకగా దొరికితే ఆ మిగులును కొత్త టైర్లకు పెట్టడం మేలు. కారులో ప్రాణరక్షణకు అలాయ్ కంటే కొత్త రబ్బరు ఎంతో ఎక్కువ పనిచేస్తుంది. బయట షాపులో వ్యాసం పెంచి అలాయ్ వేయించడం మాత్రం అందం కోసం చేసే ఖర్చు. ఆ అందం మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఒక్క అంగుళంతో ఆగితే నష్టం తక్కువ.

వేయించేవాళ్ళు నట్లను పట్టించుకోవాలి. చాలా టయోటా కార్లలో స్టీలు రిమ్ముకు కోసుగా ఉన్న నట్లు, కంపెనీ అలాయ్‌కు చదునైన వాషరున్న నట్లు ఉంటాయి. ఒకదానివి మరొకదానికి బిగిస్తే పట్టు కుదరదు. చక్రం మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దదైతే మధ్యలో రింగు వేయాలి, లేకుంటే వణుకు తప్పదు. అలాయ్ వేశాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపి టార్క్ రెంచితో మళ్ళీ బిగింపు చూడాలి. చిన్న టయోటాలకు చెప్పే బిగింపు 103 న్యూటన్ మీటర్లు. గాలి గన్నుతో ఇష్టం వచ్చినట్టు బిగిస్తే బోల్టు సాగుతుంది, లేదా అలాయ్ రంధ్రం చితుకుతుంది. డిక్కీలోని స్టెప్నీ స్టీలుదే అయితే దాని నట్లు కూడా వేరుగా కావాలేమో ముందే చూసుకోవాలి. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీ అయితే 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు.

ఖర్చు లెక్కలో జమ వైపు రాయాల్సింది చివరగా ఒకటి ఉంది. వాడేసిన అలాయ్ చక్రానికి పాత సామాన్ల దగ్గర స్టీలు రిమ్ముకంటే కిలోకు చాలా ఎక్కువ ధర పలుకుతుంది. అల్యూమినియంను మళ్ళీ కరిగించడానికి కొత్తగా తీయడానికయ్యే శక్తిలో 5 శాతం చాలు, చక్రాల మిశ్రమం ఏమిటో ముందే తెలుసు కాబట్టి కరిగించేవాళ్ళకు అది మంచి సరుకు. తవీలాలో ఎమిరేట్స్ గ్లోబల్ అల్యూమినియం ఏడాదికి 1,70,000 టన్నుల సామర్థ్యంతో పునర్వినియోగ కర్మాగారాన్ని చేపట్టింది. పగిలిన అలాయ్‌ను వెల్డింగ్ చేయించి హైవే మీదికి తీసుకెళ్ళే బదులు, తూకానికి వేసి, ఆ డబ్బుకు మరికొంత కలిపి అదే కొలతలో కంపెనీ స్టీలు రిమ్ము కొనుక్కోవచ్చు.